ఎద్దు లేని కొట్టంలో ఎద్దు జబ్బు

ఆకలేస్తోందని ఆయన తన మాటగా ఎప్పుడూ చెప్పలేదు. "లక్ష్మికి ఆకలైతా ఉండాదంట" అనేవాడు భార్యతో. ఆమె రాగిముద్దా పప్పూ తెచ్చి ఆయన ముందు పెట్టేది. ఎండ ముదిరితే తుంగకు తలనొప్పి వచ్చేది. టీ తాగాలనిపిస్తే గంగికి నాలుక పిడచకట్టుకుపోయేది. లక్ష్మి, తుంగ, గంగి అన్నీ ఆవులే. వాటి మనసులో మాట తనకొక్కడికే వినబడుతుందన్నట్టు, పక్కింటి కబురు మోసుకొచ్చినంత తేలిగ్గా చెప్పేవాడు. నేను కుందలహళ్ళిలోని ఆ కొట్టానికి మొదటిసారి వెళ్ళినప్పుడు, "గంగికి మీరంటే భయమంటమ్మా, ఆ సూది స్వల్ప లోపల పెట్టుకోమంటాండాది" అన్నాడు. నేను నిజమేననుకుని సూదిని వెనక్కి దాచాను. సూది భయం ఎవరిదో తర్వాత తెలిసింది. ఇంజెక్షన్ చేస్తున్నంతసేపూ గంగి తాపీగా నెమరేసుకుంటూ నిలబడింది, ఆయన మాత్రం కళ్ళు మూసుకుని గుంజ పట్టుకున్నాడు.

నేను పశువుల డాక్టర్ని. మాది హిందూపురం వైపు. బెంగుళూరులో పశువుల డాక్టరంటే జనం కుక్కల డాక్టరనుకుంటారు. "మా బ్రూనో మూడీగా ఉన్నాడు, ఏం చెయ్యమంటారు" అని ఫోన్లు వస్తాయి. మేత ముట్టని ఆవు కోసం ఫోన్ చేసేవాళ్ళు ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నారు. అలా తగ్గినవాళ్ళలో ఈయన ఒకడు. పోయిన నెల పోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. బతికుండగా అడిగుంటే "నా పేరెందుకమ్మా సుమ్నే ఊరికే, గంగి పేరు రాసుకోండి" అనేవాడే. అందుకని గంగి పేరే రాశాను.

కొట్టం ఆయనది కాదు. టెక్ పార్కు వెనక, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఎవరి కంటా పడకుండా మిగిలిపోయిన స్థలంలో రేకుల కొట్టం అది. ఒకవైపు బాల్కనీల్లోంచి యోగా చాపలు వేలాడేవి, ఇంకోవైపు పేడకుప్ప. యజమాని బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటాడు, విజయవాడ మనిషి. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం చేసి విసిగిపోయి, మట్టికి దగ్గరగా బతకాలని నిర్ణయించుకున్నాడు. మట్టికి దగ్గరగా ఉండే పని మొత్తం ఈ మొగుడూ పెళ్ళాలకు అప్పజెప్పి, తను ఫోనుకు దగ్గరగా ఉండేవాడు. పాలను గాజు సీసాల్లో పోసి, కాచకుండా, చల్లబరచి, చుట్టుపక్కల ఫ్లాట్లకు పంపించడం ఆయన వ్యాపారం. ప్రకృతి ఇచ్చింది ఇచ్చినట్టే తాగాలని ఆయన సిద్ధాంతం. ఎద్దు మాత్రం ఆ కొట్టంలో లేదు. ఎద్దు చెయ్యాల్సిన పనిని డబ్బాలో పెట్టుకుని నేనే స్కూటర్ మీద తీసుకెళ్ళేదాన్ని. అవసరమైనప్పుడల్లా "ఎద్దు వచ్చినాదిరా లేవండి" అని పాలు పిండే ఆయన ఆవుల్ని లేపేవాడు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఆయన పాలు పిండటం చూసి తీరాలి. గొంతుక్కూర్చుని, నుదురు ఆవు డొక్కకు ఆనించి, ఏదో గుసగుసలాడేవాడు. ఆవు చేపగానే మొదటి ధార నేలకు కొట్టేవాడు. అది భూమాతకట. రెండో ధార చన్ను పక్కకు తిప్పి నేరుగా తన నోట్లోకి. మూడోది బకెట్‌లోకి, అంటే సార్‌కి. ఈ వరస ఆయన తండ్రి నేర్పాడట. మీసం నిండా నురగతో, "భూమికీ నాకూ అయినాకనే సార్‌కి, అట్లుంటేనే ధర్మం" అనేవాడు.

ఇంకో గొప్ప ఆయన కుడిచెయ్యి. దూడ అడ్డం తిరిగిందంటే వర్తూరు దాకా కబురొచ్చేది. చొక్కా విప్పి, భుజం దాకా కొబ్బరినూనె పట్టించి, చెయ్యి లోపలికి పెట్టి, ఆకాశం వైపు చూస్తూ తడిమేవాడు. నేను మోచెయ్యి దాటే ప్లాస్టిక్ తొడుగు వేసుకుంటే జాలిగా చూసేవాడు. "చేతికి కండ్లుంటాయమ్మా. సంచి తొడిగితే దానికేం కనపడతాది?" అనేవాడు. ఈనాక మాయ పడకపోతే వట్టి చేత్తోనే లాగేవాడు. పని అయ్యాక అదే బకెట్ నీళ్ళల్లో చెయ్యి ముంచి, భుజం మీది తువ్వాలుకు తుడుచుకుని, అదే చేత్తో ఆకూ వక్కా వేసుకునేవాడు. ఈనిన ఆవు మాయలోనూ ఉమ్మనీటిలోనూ ఏమేం పురుగులుంటాయో, అవి మనుషుల ఒంట్లోకి ఎలా దిగుతాయో నేను నిలబెట్టి చెప్పేదాన్ని. చేతులు కట్టుకుని శ్రద్ధగా వినేవాడు. అంతా విని, "గంగి నవ్వుతా ఉండాదమ్మా" అనేవాడు.

ఒకరోజు ఫోన్ చేసి గంగికి జ్వరమన్నాడు. మడివాళ నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్ళాను. థర్మామీటర్ పెడితే గంగికి ఏమీ లేదు. "ఇప్పుడు లేదులేమ్మా. సాయంత్రమైతే వస్తాది. వణుకుతాది. తెల్లారేసరికి చెమటలు పోసి దిగిపోతాది. నడుము నొప్పంటాది. కీళ్ళు పట్టేసినాయంటాది" అన్నాడు. గంగి ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ చెప్పలేదు. మేత తింటోందా అంటే, ముద్ద సయించడం లేదన్నాడు. ఆవు ముద్ద తినడమేమిటని నాకప్పుడు తట్టలేదు, ఆయన మాటతీరే అంతని సరిపెట్టుకున్నాను. ఇంకోరోజు పనిగట్టుకుని సాయంత్రం వెళ్ళి చూశాను. అప్పుడూ గంగి చల్లగా ఉంది. ఆయన దుప్పటి కప్పుకుని దాణా బస్తాల మీద కూర్చున్నాడు. చలేస్తోందా అన్నా అంటే, "గంగికి చలిగా ఉండాదంట, నన్ను కప్పుకోమనింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండి, నా పెట్రోలు గంగి పోయిస్తుందా అని అడిగి వచ్చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తుంగ ఈచుకుపోయింది. నెలలు నిండకుండానే దూడ చచ్చి పడింది. నేను వెళ్ళేసరికి మాయ ఆయనే లాగేసి ఉంటాడనుకున్నాను. లాగలేదు. ఎన్నడూ లేనిది, తుంగకు ఆమడ దూరంలో గోడకానుకుని నిలబడ్డాడు. ఆయన భార్యే వట్టి చేతులతో ఆవు చుట్టూ తిరుగుతోంది. ఆమెను నేను వదినా అని పిలిచేదాన్ని. "వదినా, నువ్వు ఇవతలికి రా" అని అరిచి, తొడుగులు వేసుకుని నేనే పని కానిచ్చాను. దూడనూ మాయనూ లోతుగా గుంట తీయించి సున్నం పోసి పూడ్పించాను. ఇంతకుముందు ఏ ఆవైనా ఇలా ఈచుకుపోయిందా అని అడిగితే వదిన ఆయన వైపు చూసింది. ఆయన పేడకుప్ప వైపు చూశాడు. "లేదమ్మా" అన్నాడు. ఆ లేదు నాకు నచ్చలేదు. అన్ని ఆవులకూ రక్తం తీసుకుని పరీక్షకు పంపించాను.

మర్నాడు పొద్దున్నే నేను టీ తాగుతుంటే మళ్ళీ ఫోన్.

"డాక్టరమ్మా, ఎద్దుకి బాగలేదు."

"ఏ ఎద్దు?"

"ఉండాది లెండి ఒకటి. ముసిలిది."

"ఏమయింది దానికి?"

వెనక కుక్కర్ విజిల్ వినబడింది.

"వాచిండాదమ్మా."

"ఎక్కడ వాచింది?"

"ఎద్దుకి యాడ వాస్తాదో ఆడనే."

నేను డాక్టర్ని. ఇలాంటివి అడగడానికి సిగ్గుపడితే నాకు జీతం రాదు. ఒకవైపా, రెండువైపులా అని అడిగాను.

"ఎడమపక్క ఒకటే. గట్టిగా, ఎర్రగా. నడిస్తే ప్రాణం పోతాది. నిన్న స్కూటర్ ఎక్కలేకపోయినాది."

"ఎద్దు స్కూటర్ ఎక్కిందా అన్నా?"

ఫోన్ కట్ అయింది.

నేను నవ్వాను. ఒక్క నిమిషం బాగా నవ్వాను. ఆ నవ్వు మధ్యలో సాయంత్రం జ్వరం, తెల్లవారుజాము చెమటలు, నడుం నొప్పి, కీళ్ళ నొప్పి, ఈచుకుపోయిన తుంగ, ఎడమపక్క వాపు అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. బ్రూసెల్లా. ఆవులు ఈచుకుపోయే జబ్బు, పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బు. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇది సుపరిచితమే, మాలో కొందరికి స్వానుభవం కూడా. టీ గ్లాసు సగంలో వదిలేసి బయల్దేరాను.

కొట్టంలో ఆయన కనబడలేదు. వదిన చీపురు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, గడ్డివామి వైపు తిరిగి గట్టిగా అంది. "డాక్టరమ్మ వచ్చినాది. రా ఎద్దా, బయటికి రా. ఇంక యాడికని దాంకుంటావు?"

గడ్డి వెనకనుంచి ఆయన కాళ్ళు ఎడంగా పెట్టుకుంటూ వచ్చాడు. మీసం కిందికి వాలిపోయింది. వదిన అప్పటికే మొదలుపెట్టేసింది.

"ఇన్ని నెల్లుగా సాయంత్రమైతే దుప్పట్లో వణుకుతాడు. తెల్లారి చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. మెయిన్ రోడ్డు క్లినిక్కులో చూపిచ్చినాము. టైఫాయిడ్ అన్నారు, ఆమేలె మలేరియా అన్నారు, సంచెడు మాత్రలు మింగినాడు. తగ్గినట్లుంటాది, మళ్ళా వస్తాది."

"ఏం పని చేస్తావని వాళ్ళు అడగలేదా?"

"అడిగినారు. వాచ్‌మన్ అని చెప్పినాడు ఈ మహానుభావుడు."

అదీ సంగతి. మనుషుల డాక్టర్ దగ్గర ఆవుల్ని దాచాడు, ఆవుల డాక్టర్ దగ్గర తనను దాచుకున్నాడు. ఇద్దరు డాక్టర్ల మధ్యా రోగం నిశ్చింతగా కాపురం పెట్టింది. నాకు తల బాదుకోవాలనిపించింది. ఎందుకిలా చేశావన్నా అని కేకలేశాను.

"పాలు పిండేవాడికి జ్వరమంటే ఆ బాల్కనీలోళ్ళు ఆ పాలు తాగుతారామ్మా? సార్ నన్ను పెట్టుకుంటాడా? ఈ చేతికి ఆవు పని తప్ప ఇంకేం వస్తాది? నిజంగానే వాచ్‌మన్‌గా పోవాల్సిందే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "తుంగకి నేనే అంటిచ్చినాను. నా జ్వరం దాని కడుపులోకి పోయినాది. అందుకే నిన్న దాని దగ్గరికి పోలేదు. ఒక బిడ్డని చంపినాను కదా, ఇంక తల్లిని ఎందుకు చంపల్ల అని."

ఆ మాట ఏ ఆవూ చెప్పమన్నది కాదు. ఆయనే చెప్పాడు. చెప్పి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇన్ని నెలలుగా జ్వరం కంటే ఎక్కువగా ఆయన్ని తింటున్నది అదేనని అప్పుడు అర్థమయింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

తుంగ కంటే ముందు గంగి ఈచుకుపోయిందని వదిన బయటపెట్టింది. వానాకాలంలోనే. దిష్టి తగిలిందనుకున్నారట. మాయ పడకపోతే ఆయనే మామూలుగా వట్టి చేత్తో లాగి, కొబ్బరిచెట్టు కింద పూడ్చి, నాకు చెప్తే తొడుగుల గురించి ఉపన్యాసం వినాల్సి వస్తుందని చెప్పలేదట. ఆ తర్వాతనే జ్వరం మొదలైంది.

"అయితే విను" అన్నాను. "నువ్వు తుంగకి ఇవ్వలేదు. గంగి నుంచి తుంగకి వచ్చింది. నీకూ గంగి నుంచే వచ్చింది. మాయ లాగిన ఆ చేతిలోంచే వచ్చింది. మనిషి నుంచి ఆవుకి పోయే జబ్బు కాదిది."

ఆయన తువ్వాలు దించాడు. నా వైపు, గంగి వైపు, మళ్ళీ నా వైపు చూశాడు.

"గంగి ఇచ్చినాదా?"

"అవును."

"నేను కాదా?"

"కాదు."

ఆయన మొహం చూడాలి. భయంకరమైన జబ్బుందని చెప్తే సంబరపడ్డ రోగిని నా జీవితంలో ఆయన్నొక్కణ్ణే చూశాను. కాళ్ళు ఎడంగా వేసుకుంటూనే గంగి దగ్గరికి వెళ్ళి, దాని గంగడోలు పట్టుకుని ఊపాడు. "చూసినావా దీన్ని! ఏం తెలీనట్ల నిలబడిండాది! ఇన్నేండ్లు పాలిచ్చినాది, ఒక్కసారి జ్వరమిస్తే వద్దంటామా?" అన్నాడు. వదిన చీపురు ఎత్తింది. నేనే అడ్డుపడ్డాను.

నవ్వులాట కాదని నిలబెట్టి చెప్పాను. వైద్యం సగంలో ఆపితే ఏళ్ళ తరబడి తిరగబెడుతుంది, వెన్నుపూసలో చేరితే మంచం పడతావు, గుండెకు పాకినా పాకుతుంది అన్నాను. ఆయన దేనికీ చలించలేదు. "రేపు వదినకు రావచ్చు. నిన్న తుంగ చుట్టూ వట్టి చేతులతో తిరిగింది ఆమే" అన్నాను. అప్పుడు నవ్వు ఆగిపోయింది. పద పోదాం అని చెప్పులు వెతుక్కున్నాడు.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. స్కూటర్ ఎక్కలేడు కనుక ఆటోలో. రక్తం తీయడానికి వచ్చిన నర్సుతో "గంగికి సూదంటే భయమమ్మా" అన్నాడు. ఆ పిల్ల గంగి ఎవరని మా ఇద్దరి వెనకా వెతికింది. డాక్టర్ నన్ను, మీరు ఈయనకు ఏమవుతారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "మా డాక్టరమ్మ సార్. మా ఇంట్లో అందరినీ ఈమే చూస్తాది." ఆ డాక్టర్ పైకీ కిందికీ చూసి మీది ఏ స్పెషాలిటీ అన్నాడు. ఆవులు అన్నాను. ఆయన పెన్ను కిందపెట్టి, అప్పుడు మొదటిసారి రోగిని, నిజంగా ఏం పని చేస్తావని అడిగాడు. "పాలు పిండుతాను సార్" అన్నాడు ఆయన, దొంగతనం ఒప్పుకుంటున్నంత చిన్నగా. పరీక్షలో అదే జబ్బని తేలింది. వదినకూ పరీక్ష చేయించాను, ఆమెకు లేదు. ఆ మాట విన్నాక ఆయన ఆసుపత్రి క్యాంటీన్‌లో రెండు దోసెలు తిన్నాడు, అదీ ఏ ఆవు పేరూ చెప్పకుండా.

మాత్రలు వారాల తరబడి వేసుకోవాలి, ఒక్కపూట మానకూడదు. వాటిలో ఒకదానివల్ల మూత్రం ఎర్రగా వస్తుందని, భయపడొద్దని డాక్టర్ ముందే చెప్పాడు. అయినా మర్నాడు ఫోన్ వచ్చింది. "అమ్మా, కుంకం నీళ్ళు పోస్తాండాను. వచ్చి చూస్తారా?" వద్దన్నా అన్నాను. "ఫోటో తీసి పంపిస్తాను" అన్నాడు. నేను చూడనంటే నొచ్చుకుని, పక్క బిల్డింగ్ సెక్యూరిటీ వాళ్ళని పిలిచి చూపించాడట. వాళ్ళలో ఒకతను దండం కూడా పెట్టాడని వదిన చెప్పింది.

అసలు గండం యజమాని. తుంగకూ గంగికీ జబ్బు ఖాయమని రిపోర్టు రాగానే నేనే పిలిపించాను. ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చాడు.

"డాక్టర్ గారూ, ఇది అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోకి వెళ్తే ఫినిష్ అండీ. మన బ్రాండే రా మిల్క్ కదా. ఒక పని చేద్దాం. ఈయన్ని కొన్నాళ్ళు ఊరికి పంపించేద్దాం. ఒడిశా నుంచి వేరేవాళ్ళని తెప్పిస్తా. ప్రాబ్లం సాల్వ్‌డ్."

పాలు పిండే ఆయన గోడవారగా నిలబడి వింటున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు.

నాకు కోపం వస్తే హిందూపురం బయటికొస్తుంది. "ఏం సాల్వ్ అవుతుందండీ? కొత్తవాడొస్తాడు. అదే ఆవు, అదే మాయ, అదే వట్టి చెయ్యి. కొన్నాళ్ళకు వాడికీ అదే జ్వరం. జబ్బును కొట్టంలో కట్టేసి, మనిషిని బస్సెక్కిస్తారా? ఈయన నుంచి ఎవరికీ రాదు. మీ సీసాల నుంచి మాత్రం వస్తుంది. కాచుకుని తాగమని ఇవాళే మీ వాళ్ళందరికీ చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను" అన్నాను.

"కాచుకుంటే ఇంక మా పాలకీ ప్యాకెట్ పాలకీ తేడా ఏముందండీ?"

దానికి గోడ దగ్గరి నుంచి జవాబొచ్చింది. "గంగి ఒక మాట చెప్తాండాది సార్."

యజమాని విసుక్కున్నాడు. "ఏంటంట?"

"మీ పాపకి కూడా పచ్చిపాలే పోస్తారా అని అడగతాండాది."

యజమానికి మూడేళ్ళ కూతురుంది. ఆయన రుమాలు విప్పేసి, పక్కకు వెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. మర్నాటి నుంచి సీసాల మీద "కాచి తాగండి" అని అంటించి ఉంది. జబ్బు ఆవులు రెండింటికీ దూరంగా వేరే పాక, వేరే బకెట్లు పెట్టించాడు. వాటి పాలు అమ్మకానికి పోలేదు. పెయ్యలకు టీకాలు వేయించాను. ఈయన ఉద్యోగం నిలిచింది, తొడుగులు వేసుకోవాలన్న షరతు మీద.

తొడుగుల కథ వేరే. ఒక పెట్టెడు ఇచ్చి వచ్చాను. వారం తర్వాత వెళ్తే శుభ్రంగా మోచేతుల దాకా తొడుక్కుని ఎదురొచ్చాడు. మురిసిపోబోతూ వేళ్ళ వైపు చూశాను. అయిదు వేళ్ళకూ కొసలు కత్తిరించేసి ఉన్నాయి. ఇదేంటన్నా అంటే, "చేతికి కండ్లు కావల్ల కదమ్మా, అందుకే కిటికీలు పెట్టినాను" అన్నాడు. పెట్టె మొత్తం, ప్రతి తొడుగుకూ, వరసగా కూర్చుని కత్తిరించాడట. ఇంకో పెట్టె తెచ్చి ఈసారి వదిన చేతికిచ్చాను, కత్తెర దాచెయ్యమన్నాను.

ఇక పాలు. కాచినవి తాగమంటే ఆయన మొహం చేదు కషాయం తాగినట్టయ్యేది. "అవి పాలెట్లవుతాయమ్మా? పాల పీనుగ" అనేవాడు. మాత్రలన్నీ అయిపోయి, జ్వరం పోయి, వాపు దిగి, స్కూటర్ ఎక్కడం మొదలుపెట్టాక మళ్ళీ పాత బుద్ధి మొదలైంది. వదిన అటు తిరగ్గానే రెండో ధార నోట్లోకి కొట్టేవాడు. వదిన తక్కువదా? రోజూ పిండటం కాగానే బకెట్ అందుకునే ముందు, "మీసం చూపీ" అనేది. నురగ అంటుకుని ఉంటే ఆ పూట ముద్ద లేదు. ఒకరోజు ఆయన మీసం తీసేసి ప్రత్యక్షమయ్యాడు. నలభై ఏళ్ళ మీసం. కొట్టమంతా ఆయన్ని గుర్తుపట్టలేదు, లక్ష్మి అయితే కొమ్ము విసిరింది. వదిన మాత్రం దగ్గరికొచ్చి, "ఊదు" అంది. పచ్చిపాల వాసన ఆమెకు తెలుసు. ఆ రోజుతో ఆయన ఓడిపోయాడు. మీసం మళ్ళీ పెంచాడు, కాచిన పాలకు దిగాడు. నేను వెళ్ళినప్పుడల్లా గ్లాసు ఎత్తి చూపించి, "మీ ఇద్దరి వల్ల నా జన్మ కాఫీ హోటలైపోయినాది" అని గొణిగేవాడు.

వదినకు ఆ జబ్బు మీద ఎంత పట్టుదలంటే, మైకు లేకుండా ఊరూరా నా ఉపన్యాసం ఆమే చెప్పింది. చుట్టుపక్కల కొట్టాల్లో ఆవు ఈచుకుపోతే నాకు ఫోన్ చేయించేది. నా మాట పదేళ్ళు వినని మనుషులు ఆమె చీపురు మాట విన్నారు.

పోయిన నెల ఆయన పోయింది ఆ జబ్బుతో కాదు. అది ఎప్పుడో పోయింది. మధ్యాహ్నం ముద్ద తిని, గడ్డిమోపు మీద నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. కబురు తెలిసి నేను స్కూటర్ రోడ్డు పక్కన ఆపుకుని కూర్చుండిపోయాను. నా వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టారు, కొట్టనీ అనుకున్నాను.

సర్జాపురం దాటాక వాళ్ళ సొంత ఊరు. అక్కడే పూడ్చారు. మూడోనాడు సమాధి మీద పాలూ నెయ్యీ పోయడం వాళ్ళ ఆనవాయితీ. హాలుతుప్ప అంటారు. నేను వెళ్ళేసరికి అందరూ గుమిగూడి ఉన్నారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే నెయ్యి పోస్తున్నారు. వదిన చెంబు పట్టుకుని వచ్చింది. ఆయనకు వరసకు అన్నయ్యే ఒక ముసలాయన చెంబులోకి వంగి చూసి ఆగమన్నాడు.

"ఏమ్మా, మీగడ కట్టిండాదే! ఇవి కాచిన పాలు. దీనికి పచ్చిపాలు కదా పోయాల్సింది? ఎవరైనా పోయి పచ్చిపాలు పట్టుకురండప్పా."

ఎవరో కదిలారు. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బావా. ఇంట్లో ఒక్కపూట తాగనీలేదు నేను. ఈ పొద్దు ఇంతమంది ముందర నేనే పచ్చిపాలు పోస్తే, 'చూసినావా, గెలిచినాను' అని లోపల నవ్వుతాడు. అట్ల నవ్వనీను."

ముసలాయన నా వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, మీరన్నా చెప్పండి. చచ్చిపోయినోడికి ఇంక ఏం జబ్బొస్తాది?"

నేనేం చెప్పను? వద్దన్న మొదటి మనిషిని నేనే. తల అడ్డంగా ఊపాను. ముసలాయన ఇద్దరు ఆడవాళ్ళనూ చూసి, ఇంక లాభం లేదనుకుని పక్కకు తప్పుకున్నాడు.

వదిన సమాధి దగ్గర గొంతుక్కూర్చుంది. మీగడ పక్కకు తీసింది. పాలు ఇంకా వేడిగా ఉన్నాయేమోనని చెంబులో చిటికెనవేలు ముంచి చూసింది. కాసేపు ఊదింది. మళ్ళీ వేలు ముంచి చూసి, చల్లారాయని నమ్మకం కుదిరాక, తల ఉన్న వైపు మెల్లగా పోసింది.